పేరు పక్కన పెట్టి వెతకండి

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. చాన్నాళ్ళుగా తిరుపతిలోనే ఉంటున్నాం. మా తాత వాళ్ళ నాయన రైల్వేలో గ్యాంగు కూలీగా పనిచేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. పేరు మునెప్ప. చదువు లేదు, ఫొటో లేదు. కొంచెం పొలం ఉండేదని కొందరంటారు, ఏమీ లేదని కొందరు. ఆయన గుర్తుగా ఒక ఇత్తడి బిళ్ళ మిగిలింది. దాని మీద ఎస్.ఐ.ఆర్. అని ఇంగ్లీషు అక్షరాలు, కింద ఒక నంబరు ఉన్నాయి. మా నాయన పోయాడు. 84 ఏళ్ళ మేనత్త ఒక్కతే పెద్దదిక్కు. ఇంటర్నెట్‌లో చూస్తే పాత జనాభా లెక్కల్లో వెతకమంటున్నారు. ఆయన ఎలా బతికాడో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందు జనాభా లెక్కల సంగతి తేల్చేద్దాం. ఆ సలహా ఇంగ్లండు, అమెరికా వాళ్ళకు పనికొస్తుంది. అక్కడ ఇంటింటికీ తిరిగి రాసుకున్న పట్టీలను భద్రపరిచి, కొన్ని దశాబ్దాల తర్వాత జనానికి చూపిస్తారు. మన దగ్గర బ్రిటిష్ కాలంలో లెక్క తీశాక మొత్తాలు అచ్చువేశారే గానీ, పేర్లున్న పట్టీలను ఉంచలేదు. కాబట్టి ఆ దారి వదిలేయండి. బ్రిటిష్ ఇండియా రైల్వే ఉద్యోగుల పేర్లు దొరుకుతాయని చెప్పే విదేశీ వెబ్‌సైట్లకూ డబ్బు కట్టకండి. వాటిలో ఎక్కువగా ఉండేది దొరలు, ఆంగ్లో ఇండియన్లు, పై స్థాయి సిబ్బంది. పట్టాల మీద గడ్డపార పట్టినవాళ్ళు ఉండరు.

రెండోది, పేరు పట్టుకుని వెతకడం మానండి. పాకాల చుట్టుపక్కల మునెప్పలకు కొదవ లేదు. పైగా ఆ పేరును రైల్వే గుమాస్తా మునియప్పన్ అనో మునిసామి అనో రాసి ఉండొచ్చు. ఎస్.ఐ.ఆర్. అంటే సౌత్ ఇండియన్ రైల్వే. దాని ప్రధాన కార్యాలయం తిరుచిరాపల్లి. కాగితం రాసినవాడు తమిళుడైతే పేరు కూడా తమిళం వాసన వేస్తుంది. పేరుకు ముందున్న పొడి అక్షరాన్నీ నమ్మలేం. మీ వైపు అది ఒకరికి ఇంటిపేరు, ఇంకొకరికి నాయన పేరు, మరొకరికి ఊరి పేరు. మనిషిని పట్టించేవి నాలుగు: నాయన పేరు, సొంత ఊరు, చేసిన పని, ఆ పని చేసిన ఏళ్ళు. ఏ కాగితంలోనైనా వీటిలో మూడు కలిస్తేనే ఆయన మీవాడు. పేరు ఒక్కటే కలిస్తే ఎంత ఆశ పుట్టినా పక్కన పెట్టేయండి.

ఏళ్ళ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. మీ మేనత్త పుట్టింది 1941 ప్రాంతంలో. అప్పటికి మీ తాతకు పాతిక, ముప్పై ఏళ్ళు అనుకుంటే ఆయన 1911–16 మధ్య పుట్టి ఉంటాడు. ఆ లెక్కన మీ ముత్తాత పుట్టుక 1881–91 మధ్యకు వస్తుంది. పాకాల మీదుగా మీటరు గేజి పట్టాలు పడింది 1891–92 ప్రాంతంలో. అంటే ఆయన లైను వేసిన తరం కాదు, దాన్ని కాపాడిన తరం. దాదాపు 1905 నుంచి 1945 లోపు పనిచేసి ఉంటాడు. ఈ లెక్క ఎందుకంటే, ఏ ఆఫీసులో ఏ దస్తావేజు అడగాలన్నది దీన్నిబట్టే తేలుతుంది.

ఇక మేనత్త దగ్గర కూర్చోండి. మిగతా పనులన్నీ నెల ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగకూడదు. “ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు పోయాడు” అని అడిగితే “నాకేం తెలుసమ్మా” అంటుంది, అక్కడితో మాట తెగిపోతుంది. కళ్ళకు కట్టే సంగతులు అడగండి. “పనికి పోయేటప్పుడు చేతిలో ఏం పట్టుకునేవాడని చెప్పేవాళ్ళు?” అన్న ఒక్క ప్రశ్నతో సగం తేలుతుంది. సుత్తి, స్పానరు, ఎర్రజెండా పచ్చజెండా తీసుకుని ఒంటరిగా పట్టాల వెంట నడిచేవాడంటే ఆయన కీమ్యాన్. రోజూ తన గ్యాంగు పరిధి అంతా నడిచి, పట్టాను బిగించే ‘కీ’లు అనే ఇనుప చీలలు వదులయ్యాయేమో చూసి కొట్టడం అతని పని. గడ్డపార, బీటరు (పట్టాల కింద కంకర కుక్కే పనిముట్టు) భుజాన వేసుకుని నలుగురితో కలిసి పోయేవాడంటే గ్యాంగుమ్యాన్. వానాకాలం రాత్రుళ్ళు లాంతరుతో తిరిగేవాడంటే పట్టాల గస్తీ, అంటే పెట్రోలింగ్ డ్యూటీ. గేటు దగ్గరో స్టేషనులోనో ఉండేవాడంటే అది వేరే శాఖ, కాగితాలూ వేరే. నలుగురి మీద అజమాయిషీ చేసేవాడంటే మేట్, మీ వైపు మేస్త్రీ అని కూడా అంటారు.

తర్వాత పాసు గురించి అడగండి. ఇంటిల్లిపాదీ రైలు పాసు మీద రామేశ్వరం పోయొచ్చారన్న మాట వినిపిస్తే పర్మినెంటు ఉద్యోగి అయి ఉండే అవకాశం ఎక్కువ. పనున్న రోజు కూలి, లేని రోజు లేదు అన్నట్టు చెబితే టెంపరరీ మనిషి. అలాంటివాళ్ళ పేరు మస్టరు రోల్లో (రోజు కూలీల హాజరు పట్టీలో) తప్ప ఉండదు, ఆ మస్టర్లు అంత కాలం ఉంచరు. ఈ తేడా ముందే తెలిస్తే గుంతకల్లు రైల్వే డివిజన్ ఆఫీసుకు అర్జీ పెట్టి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో అర్థమవుతుంది.

గ్యాంగులో తోటివాళ్ళెవరు, క్వార్టర్సు ఏ స్టేషన్ల మధ్య ఉండేవి, జీతం ఎక్కడ ఇచ్చేవారు, పిల్లల పుట్టు వెంట్రుకలు ఏ గుళ్ళో తీసేవారు, ఇంటి దేవర ఏ ఊళ్ళో ఉంది, ఇవన్నీ రాసుకోండి. ఇంటి దేవర ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కుటుంబం పాకాలకు ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు అదే చెబుతుంది. పనికోసం ఊరు మారినవాళ్ళు కూడా దేవరకు మొక్కు తీర్చేది పాత ఊళ్ళోనే. పెద్దల అమావాస్యకు పేర్లు చెప్పి పెట్టుకునే ఆచారం మీ ఇంట్లో ఉంటే ఏయే పేర్లు చెబుతారో అడగండి. మునెప్పకు ముందు చెప్పే పేరే ఆయన నాయన పేరు కావచ్చు. రాత లేని ఇళ్ళలో మూడు తరాల పేర్లను నిలబెట్టింది ఆ పండగే.

సంవత్సరాల విషయంలో పెద్దవాళ్ళు తెలుగు పేర్లు వాడితే సంతోషించండి, అవి తారీకుల కంటే నమ్మకమైనవి. ధాతు కరువు అంటే 1876–77. కాళయుక్తి 1918–19, ఊళ్ళకు ఊళ్ళు విషజ్వరంతో ఖాళీ అయిన ఏడు. ప్రభవ 1927–28. ఇవి అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి “ధాతు” అన్నంత మాత్రాన 1876 అనుకోకండి, 1936–37 కూడా ధాతువే. ఉగాదికి ముందు జరిగిందా, తర్వాత జరిగిందా అని కూడా అడగండి. జనవరి, ఫిబ్రవరిలో జరిగినదైతే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకు పోతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. తాత కథ, ముత్తాత కథ కలిసిపోతాయి. ఇద్దరూ రైల్వేలోనే పనిచేసి ఉంటే తప్పకుండా కలుస్తాయి. అందుకే ఒకే ప్రశ్నను కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు అడగండి. రెండోసారి పేరు ఎత్తకుండా “ఈ మాట నీకు ఎవరు చెప్పారు?” అని అడగండి. “మా నాయన చెప్పినాడు” అంటే సంగతి ముత్తాతది. “నేనే చూసినా” అంటే చాలావరకు తాతది. మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి. అన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చే వేళ వద్దు, పొద్దున్నే మంచిది.

ఇత్తడి బిళ్ళ సంగతికి వద్దాం. దయచేసి చింతపండుతో తోమకండి. సన్నగా చెక్కిన అక్షరాలు మసి నిండి ఉంటేనే కనిపిస్తాయి, తోమితే మసితో పాటు అంచులూ అరిగిపోతాయి. చీకటి గదిలో ఫోన్ టార్చిని బిళ్ళకు పక్కగా, బల్లకు ఆనించినట్టు పెట్టి ఫొటో తీయండి. అన్ని వైపుల నుంచీ ఒక్కోటి తీస్తే కంటికి కనబడని అక్షరం ఏదో ఒక ఫొటోలో లేస్తుంది. వెనక వైపూ తీయండి. పైన ఒకే రంధ్రం ఉంటే జీతానికో పనిముట్లకో చూపించే టోకెన్ కావచ్చు. రెండు పక్కలా రంధ్రాలో వెనక కొక్కేలో ఉంటే చొక్కాకో చేతి పట్టీకో పెట్టుకున్నది. ఎస్.ఐ.ఆర్. కింద ఇంకో పొడి అక్షరం ఉంటే అది శాఖ గుర్తు కావచ్చు. నంబరును మాత్రం ఆయన సర్వీసు నంబరు అనుకోకండి. మనిషి మానేస్తే అదే బిళ్ళ ఇంకొకరికి ఇచ్చే వీలుంది. అర్జీలో నంబరు రాయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. బిళ్ళ వల్ల ఇంకో లాభం ఉంది. రేణిగుంట మీదుగా పోయే బ్రాడ్ గేజి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీది. మీ బిళ్ళ మీద ఎస్.ఐ.ఆర్. ఉంది కాబట్టి ఆ కంపెనీ కాగితాల్లో వెతకాల్సిన పని తప్పింది.

రైల్వే కాగితాలు చేతులు మారిన దారి ఇదీ. సౌత్ ఇండియన్ రైల్వే 1944 ఏప్రిల్ 1న కంపెనీ చేతి నుంచి ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసింది. పాకాల సెక్షన్ గుంతకల్లు డివిజన్ కిందికి వచ్చింది, ఆ డివిజన్ 1977లో దక్షిణ మధ్య రైల్వేకు మారింది. జోన్ల పేర్లు ఎన్ని మారినా మీ అర్జీ పోవాల్సింది గుంతకల్లు డివిజన్ పర్సనల్ శాఖకే, అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే శాఖకే. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

అర్జీ ఎలా రాస్తారన్న దాని మీద అంతా ఉంది. “మా ముత్తాత వివరాలు ఇవ్వండి” అని రాస్తే “లభ్యం కాలేదు” అని ఒక్క వాక్యం వస్తుంది. ఇలా అడగండి: పాకాల పర్మినెంట్ వే ఇన్‌స్పెక్టర్ (పట్టాల మరమ్మతు చూసే అధికారి) పరిధిలో 1905–1950 మధ్య పనిచేసిన గ్యాంగు సిబ్బంది సర్వీసు రిజిస్టర్లు ఏ ఆఫీసులో ఉన్నాయి; నాశనం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు; ఫలానా పేరు, ఫలానా నాయన పేరు, ఫలానా ఊరు ఉన్న ఉద్యోగి రిజిస్టరు మొదటి పేజీ నకలు. పేరు రాయగల అన్ని తీర్లూ రాయండి. వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపకుండా, 20 ఏళ్ళు దాటిన సంగతులకు సెక్షన్ 8(3) వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చండి, మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వం చెప్పండి. రిజిస్టరు దొరికిందంటే మీ అదృష్టం. నాయన పేరు, ఊరు, పుట్టిన తేదీ (అంచనాదే అయినా), ఒంటి మీది పుట్టుమచ్చలు, పనిలో చేరిన తేదీ, బదిలీలు, సెలవులు, జరిమానాలు, వేలిముద్రలు అందులో ఉంటాయి. ఫొటో లేని మనిషికి అంతకంటే దగ్గరి రూపం ఇంకోటి దొరకదు. సర్వీసులో మధ్యలో తెగిన కాలం కనిపిస్తే అది 1928 ప్రాంతమా అని చూడండి. ఆ ఏడు జూలైలో ఎస్.ఐ.ఆర్. కార్మికులు పెద్ద సమ్మె చేశారు, ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. మధ్యలో కొన్నాళ్ళు పని లేకుండా ఉన్నాడని మీ ఇంట్లో చెప్పుకుంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ముత్తాతది దొరకదని ముందే అనుకుని, మీ తాత కూడా రైల్వేలో చేరాడేమో కనుక్కోండి. కొడుకు ఫైల్లో నాయన పేరు, సొంత ఊరు ఉంటాయి, ఆ కాగితం కొత్తది కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ. మీ అవ్వకు రైల్వే నుంచి నెలనెలా ఏదైనా డబ్బు వచ్చేదా అనీ అడగండి. రైల్వేలో పింఛను పద్ధతి 1957 నవంబరు 16 నుంచి మొదలైంది. అంతకుముందు దిగిపోయినవాళ్ళకు ప్రావిడెంట్ ఫండే. కానీ ఫండు తీసుకుని దిగిపోయినవాళ్ళ భార్యలకు 1986 నుంచి చిన్న ఎక్స్‌గ్రేషియా ఇచ్చారు. దానికి మంజూరు ఉత్తర్వు, నంబరు, బ్యాంకు పుస్తకం ఉంటాయి. పెళ్ళి చీరల కింద, ట్రంకు పెట్టె అడుగున పరిచిన పాత కాగితాలు ఓసారి తిరగేయండి.

పొలం సంగతి తేల్చడానికి గ్రామ సచివాలయంలో మొదలుపెట్టండి. భూమిలేని కూలీలకు ప్రభుత్వం దరఖాస్తు మీద ఇచ్చిన బంజరును మీ జిల్లాలో డీకేటీ అంటారు. అది వచ్చి ఉంటే పట్టాలో పేరు, నాయన పేరు, కులం, సర్వే నంబరు, విస్తీర్ణం, సంవత్సరం అన్నీ ఉంటాయి. సంవత్సరం ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీ 1365 అంటే 1955 జూలై నుంచి 1956 జూన్ దాకా. ఇటీవల రీసర్వే జరిగిన ఊరైతే సర్వే నంబరు బదులు ల్యాండ్ పార్సెల్ నంబరు చెబుతారు. పాత నంబరు ఏదో కలిపి రాయించుకోకపోతే పాత రిజిస్టర్లో ఏమీ దొరకదు. బ్రిటిష్ కాలంలో భూమి శిస్తు ఖాయం చేసిన సెటిల్‌మెంట్ నాటి ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అంటే డైగ్లాట్‌లో పట్టాదారు పేరు చూడండి. అక్కడ పేరుండాల్సిన చోట చుక్కలుంటే అది చుక్కల భూమి, మీ వెతుకులాటకు ఉపయోగం లేదు. ఊరు ఒకప్పుడు జమీందారీలో ఉండి ఉంటే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి కాగితాలే రెవెన్యూలో దొరుకుతాయి. కరణాలు, మునసబులను 1984లో తీసేసి, 1985లో తాలూకాలను మండలాలు చేసినప్పుడు కట్టలు అటూ ఇటూ అయ్యాయి. అందుకే మండలంలో లేదంటే అక్కడితో వదలకండి. పాకాల ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా, 2022 వరకు అంతా చిత్తూరే. చిత్తూరు కలెక్టరేటు రికార్డు రూములో అడగాల్సిందే. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లాయే లేదు, మీ ప్రాంతం ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఏ పాత కాగితంలోనైనా జిల్లా పేరు అలా కనిపిస్తే వేరే మనిషి అనుకుని వదిలేయకండి.

ఒక హెచ్చరిక. ఊళ్ళో పాత పొలం కాగితాలు అడిగితే దాయాదులకు నిద్ర పట్టదు. భాగానికి వచ్చారనుకుంటారు. అర్జీలో “వంశ వివరాల కోసం” అని రాయండి, వాళ్ళకు ముందే నోటితో చెప్పండి. లేదంటే మీకు మాటలు చెప్పగలిగిన మనుషులే తలుపులు వేసుకుంటారు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కంప్యూటర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది పుస్తకాల్లో చేత్తో వెతకాలి, ఏళ్ళ లెక్కన ఫీజు. స్థిరాస్తి దస్తావేజుల ఒకటో పుస్తకాన్ని, దాని సూచికను ఎవరైనా చూడొచ్చు. పొలం కొన్నవాడిగా మీ ముత్తాత కనిపించకపోయినా, తాకట్టు పెట్టినవాడిగా కనిపించొచ్చు. సాక్షిగా వేలిముద్ర వేసి ఉంటే మాత్రం సూచికలో రాదు. పక్కింటివాళ్ళ పాత దస్తావేజులు చదివితేనే తెలుస్తుంది, కాబట్టి వాళ్ళతో మంచిగా ఉండండి.

జనన రిజిస్టర్లో ముత్తాతకు బదులు మీ తాతను వెతకండి. 1899 మద్రాసు చట్టం కింద ఊరి మునసబు రాసిన పుస్తకాల్లో బిడ్డ పేరు తరచూ ఉండదు, “ఫలానా వాని మగబిడ్డ” అనే ఉంటుంది. అంటే ఆ గడిలో ఉండేది మీ ముత్తాత పేరే. 1908–1919 మధ్య అన్ని ఏళ్ళూ నాయన పేరు మీద వెతకమని తహసీల్దారుకు రాయండి. “లభ్యం కాదు” అని సర్టిఫికెట్ ఇస్తే పుస్తకం లేదా, పుస్తకం ఉండి పేరు లేదా అన్నది రాసి ఇమ్మనండి. రెండూ ఒకటి కాదు. మీ తాత బడికి పోయి ఉంటే అడ్మిషన్ రిజిస్టర్లో నాయన పేరు, చేసే పని, నివాసం దొరుకుతాయి. అందులోని పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి, అయ్యవారు వయసు చూసి వేసినదే ఎక్కువ. కుటుంబం ఎప్పుడైనా క్రైస్తవంలోకి వెళ్ళి ఉంటే చర్చి బాప్తిస్మం పుస్తకాలు వీటన్నిటికంటే నయం. చిత్తూరు వైపు ఆర్కాట్ మిషన్, తిరుపతి, కాళహస్తి వైపు లూథరన్‌లు పనిచేశారు.

దొరికిన ప్రతి ముక్కనూ ఒక నోటుబుక్కులో సంవత్సరం, ఊరు, ఎక్కడ దొరికింది, ఎంత నమ్మొచ్చు అని నాలుగు గడుల్లో రాయండి. మేనత్త మాట, రిజిస్టర్ మాట వేరైతే ఒకదాన్ని కొట్టేయకండి, రెండూ రాయండి. గుంతకల్లు జవాబు వచ్చేలోపు మొదటి నెలలో చేయగలిగింది మేనత్త, బిళ్ళ ఫొటోలు, సచివాలయం. గుంతకల్లు నుంచి “నాశనం చేశాం” అని వస్తే ఏ సంవత్సరం ఉత్తర్వుతో చేశారో చూడండి. మీ తాత కూడా రైల్వేలో చేసి ఉండి, ఆ ఉత్తర్వు ఆయన దిగిపోయిన ఏడాదికి ముందుదైతే, మీ తాత ఫైలు కోసం రెండో అర్జీ వేయండి.